డేల్ రాసిచ్చిన మంచుదారి

కొలరాడో వెళ్ళి స్కీయింగ్ చేసొచ్చామంటే అందరూ కొండల గురించి అడుగుతారు. కొండలు బాగున్నాయి. తెల్లగా, ఎత్తుగా, ఫొటోల్లో ఎలా ఉంటాయో అలాగే ఉన్నాయి. నేను చెప్పదలచుకున్నది ఆ కొండలకి కారులో వెళ్ళడం గురించి, అంతకంటే ముందు ఆ ప్రయాణానికి సిద్ధం కావడం గురించి. చలికాలమంటే మఫ్లరు చుట్టుకోవడమే అనుకుంటూ పెరిగిన నాలాంటివాళ్ళు ఆ దారిన ఇంకా చాలామంది వెళ్తారు కనక రాస్తున్నాను. నా అంత అనుమానపు మనిషి మాత్రం వెళ్ళి ఉండడు.

బెంటన్‌విల్: పసుపు కాగితం

మేముండేది అర్కాన్సా రాష్ట్రంలోని బెంటన్‌విల్‌లో. పాలప్యాకెట్‌కైనా కారు తీయాల్సిన ఊరు. 2010 చలికాలంలో అక్కడ ఒక కంపెనీలో కాంట్రాక్టు మీద నేను చేస్తున్న పని ఒక్కటే: డేల్ అనే ఉద్యోగి దగ్గర కూర్చుని ఆయన పని నేర్చుకోవడం. దీన్ని మా వాళ్ళు కెటి అంటారు, నాలెడ్జ్ ట్రాన్స్‌ఫర్. ఇరవై ఆరేళ్ళుగా తను చూసుకుంటున్న ప్రోగ్రాములన్నీ మాకు అప్పజెప్పాక డేల్ ఉద్యోగం పోతుంది. పోయేటప్పుడు ఆరు నెలల జీతం చేతికిస్తారు, కానీ ఆయన అంతా సరిగ్గా నేర్పాడని నేను సంతకం పెడితేనే. ఆ సంతకానికి గడువు క్రిస్మస్‌కి ముందు సోమవారం.

తన కుర్చీ లాక్కునేవాడికి ఎవరైనా మనస్ఫూర్తిగా పని నేర్పుతారా? నేనైతే నేర్పను. అందుకే మొదటిరోజు నుంచీ ఆయన ఏం దాస్తున్నాడా అని చూస్తూనే ఉన్నాను. ఒకటి దొరికింది కూడా. ఏడాది చివర సరుకు లెక్కలు సరిచూసే ప్రోగ్రాము ఒకటుంది. అది ఆగిపోతే ఏం చేయాలో ఆయనిచ్చిన ఎక్సెల్ ఫైల్లో ఎక్కడా లేదు. అడిగితే, "అంతా ఫైల్లోనే రాశాను మధూ" అని కాఫీ తెచ్చుకోవడానికి లేచాడు. తప్పించుకున్నాడని నేను నిర్ధారించుకున్నాను.

మేం డిసెంబరులో కొలరాడో వెళ్తున్నామని తెలిసిన మర్నాడు ఈ డేల్ నా డెస్కు మీద ఒక పసుపు కాగితం పెట్టాడు. తన చిన్నతనం ఆ కొండల్లోనే గడిచిందట, కుర్రతనంలో రోడ్డు మీద మంచు తోసే ట్రక్కు నడిపాడట. "ఇవి చేసుకుని బయల్దేరు" అన్నాడు. ఊరకే రారు మహానుభావులు అని మా నాన్నమ్మ అనేది. కాగితం జాగ్రత్తగా చదివాను.

వైపరుకి నీళ్ళు చిమ్మే ట్యాంకుని పూర్తిగా ఖాళీ చేసి, గడ్డకట్టని నీలం ద్రవం పోయమన్నాడు. పిల్లులు పెంచేవాళ్ళు వాటి మూత్రం కోసం పెట్టే మట్టి ఒక సంచి, అదీ ఉండకట్టని రకం, డిక్కీలో పెట్టుకోమన్నాడు. పెట్రోలు సగానికి దిగనివ్వద్దన్నాడు. మంచులో చిక్కుకుపోతే పనికొస్తాయని దుప్పట్లు, చిన్న పార, అగ్గిపెట్టె, కొవ్వొత్తి, దాన్ని లోపల వెలిగించి కారు వెచ్చబెట్టుకోవడానికి ఖాళీ కాఫీ డబ్బా ఉండాలన్నాడు. చివరగా అయిదో నంబరు: కొండమీద కారు ఆపితే హ్యాండ్‌బ్రేక్ వేయవద్దు.

గుంటూరులో డ్రైవింగ్ స్కూలాయన నాకు స్టీరింగ్ కంటే ముందు నేర్పింది హ్యాండ్‌బ్రేకే. కొండమీద వేయకపోతే కారు ఎక్కడికి పోతుందో చిన్నపిల్లాడికైనా తెలుసు. పిల్లి మట్టి సంగతయితే, నేను దాన్ని మోసుకుంటూ వెళ్తుంటే ఆఫీసులో తలుచుకుని నవ్వుకోవడానికని అర్థమైంది.

అదే సాయంత్రం కిటికీలోంచి చూస్తే, పార్కింగ్‌లో డేల్ నా కారు పక్కన గొంతుక్కూర్చుని టైరులో చెయ్యి పెట్టి ఏదో చేస్తున్నాడు. ఆయన వెళ్ళాక దిగి నాలుగు టైర్లలో గాలి కొలిచాను. సరిగ్గానే ఉంది. సరిగ్గా ఉండటంతో అనుమానం ఇంకా పెరిగింది.

నా భార్య శిరీషది కరీంనగర్. లోకంలో అందరూ మంచోళ్ళేనని ఆమె నమ్మకం. "ఆయనెందుకు మోసం జేస్తడు మధూ? ఆయనకేమొస్తది?" అంది.

"ఉద్యోగం పోతోంది కదా. కడుపుమంట ఉండదా?"

"నీకు అందరి మీద డౌటే. పచ్చకామెర్లోనికి లోకమంత పచ్చగనే కనపడ్తదట" అని తనే వెళ్ళి పిల్లి మట్టి, పార, కొవ్వొత్తి కొనుక్కొచ్చింది. నీలం ద్రవం మాత్రం నేను పడనివ్వలేదు. నీళ్ళలో రంగు కలిపి సీసాకి రెండున్నర డాలర్లు గుంజడం ఈ దేశంలోనే చూశాను. వేసవిలో నేను పోసిన సబ్బునీళ్ళు ట్యాంకు నిండా ఉన్నాయి. వాటిని పారబోసే ప్రసక్తే లేదన్నాను.

సలైనా: గొలుసులు

బుధవారం పొద్దున్నే పులిహోర కట్టుకుని బయల్దేరాం. కాన్సాస్ రాష్ట్రం గురించి చెప్పడానికి పెద్దగా లేదు. నేల చదునుగా ఉంటుంది, గాలి అడ్డంగా కొడుతుంది, మనుషులు ఎదురు కారుకి స్టీరింగ్ మీదనుంచి రెండు వేళ్ళెత్తి పలకరిస్తారు. ముక్కూ మొహం తెలియనివాళ్ళు ఎందుకు పలకరిస్తున్నారో తెలియక నేను వేళ్ళెత్తలేదు. శిరీష పక్కసీట్లోంచి అందరికీ చెయ్యూపుతూ వచ్చింది.

సలైనా దగ్గర పెట్రోలు పోయించుకోవడానికి ఆగాం. పక్కన ట్రక్కుల సామాన్ల కొట్టు. ఇస్త్రీ చొక్కా మీద పేరు కుట్టించుకున్న మనిషి మా కారు చూసి బయటికొచ్చాడు. ఎటు అని అడిగి, గొలుసులున్నాయా అన్నాడు. మంచులో జారకుండా టైర్లకి చుట్టే ఇనుప గొలుసులు. లేవన్నాను. ఆయన తల అడ్డంగా ఊపి, "గొలుసులు లేకుండా కొండల్లోకి పోనివ్వరు. పోలీసులు ఆపి వెనక్కి పంపుతారు" అన్నాడు.

వెంటనే ఒక జత కొన్నాను. ఎనభై తొమ్మిది డాలర్లు. రసీదు ఇచ్చాడు, దాని మీద కొట్టు ముద్ర కూడా ఉంది. నేను తిరిగి ఇచ్చేయాల్సొస్తే పనికొస్తుందని సంచీ సీలు కూడా తీయకుండా డిక్కీలో పెట్టాను. మన వాళ్ళలో ఈ అలవాటు లేని ఇల్లు నేను చూడలేదు.

"డేల్ రాసిన దాంట్ల గొలుసులు లెవ్వు గదా?" అంది శిరీష.

"అదే నేను మొత్తుకునేది! అసలైనది దాచి, పిల్లి మట్టి రాశాడు."

ఈసారి శిరీష వాదించకుండా కారెక్కింది. గెలిచాననుకున్నాను.

హేస్: క్యాబేజీ బన్ను, ఒక ఈమెయిలు

సాయంత్రం నాలుగున్నరకి హేస్ చేరాం. అప్పటికే పొద్దు వాలిపోయింది. ఎప్పుడో రష్యా మీదుగా వచ్చి స్థిరపడ్డ జర్మన్ల ఊరది. వాళ్ళ తిండి బీరాక్ అని ఒకటుంది, మన కర్రీ పఫ్‌కి పెద్దన్నలాంటిది. మెత్తటి బన్ను లోపల క్యాబేజీ, ఉల్లిపాయ, మాంసం. మూడున్నర డాలర్లు. లోపల ఏ మాంసమని మూడుసార్లు అడిగాను. కౌంటరు దగ్గరి పెద్దావిడకి విసుగు రాలేదు. "గొడ్డుమాంసం తినవా బాబూ? కాసేపు కూర్చో" అని లోపలికెళ్ళి ఉత్త క్యాబేజీతో రెండు కాల్చి తెచ్చింది. మిరియాల ఘాటుతో వేడివేడిగా ఎంత బాగున్నాయంటే, దీనికి అదనంగా ఎంత వేస్తుందో అని బిల్లు రెండుసార్లు చూశాను. అర డాలరు తక్కువే వేసింది.

మోటల్ గదికొచ్చాక లాప్‌టాప్ తీశాను. దారి జాబితాలోనే అసలు విషయం దాచినవాడు ఆఫీసు పనిలో ఎన్ని దాచి ఉంటాడు? మా మేనేజరు సురేష్ గారికి నాలుగు లైన్లు రాశాను. కెటి పూర్తికాలేదు, ఏడాది చివరి ప్రోగ్రాము గురించి డేల్ కావాలనే చెప్పడం లేదని నా అభిప్రాయం, సోమవారం సంతకం పెట్టలేను. శిరీష స్నానం చేసి వచ్చేలోపల పంపేశాను. ఆమె ఉంటే పంపనివ్వదని నాకు తెలుసు.

జార్జ్‌టౌన్ ముందు: అద్దం

గురువారం మధ్యాహ్నానికి డెన్వర్ దాటి కొండెక్కడం మొదలుపెట్టాం. ఎండ కాస్తోంది, రోడ్డు మీద మంచు లేదు, తడి మాత్రం ఉంది. మంచు కరగడానికి రోడ్డు మీద ఉప్పులాంటి మందు కొడతారు. అది బురదతో కలిసి ముందు పోయే ట్రక్కుల చక్రాల నుంచి చిమ్ముతుంది. ఐడహో స్ప్రింగ్స్ దాటాక ఒక ట్రక్కు మమ్మల్ని దాటుకుంటూ అద్దం నిండా ఆ బురద కొట్టింది. వైపరు వేశాను. బురద అద్దమంతా అలికినట్టయింది. ఎదురుగా ఎండ పడి మొత్తం తెల్లగా మారిపోయింది. నీళ్ళ మీట నొక్కాను. లోపలెక్కడో మోటారు మూలిగింది కానీ చుక్క రాలేదు. నా సబ్బునీళ్ళు గడ్డకట్టాయి.

గంటకి యాభై అయిదు మైళ్ళ వేగంలో ఉన్నాను. ముందు ఏమీ కనబడదు. వెనక ఇంకో ట్రక్కు హారన్ కొడుతోంది. ఎడమ పక్క ఏముందో, కుడి పక్క లోయ ఉందో గోడ ఉందో తెలియదు. నా చేతులు స్టీరింగ్‌కి అతుక్కుపోయాయి. అంత భయం నా జన్మలో ఎరగను.

శిరీష కిటికీ దించి తల బయట పెట్టింది. "మెల్లగ... బ్రేక్ కొట్టకు... ఇంకొంచెం రైట్‌కి తీస్కో... ఇంకొంచెం... ఆఁ, ఆపు!"

రోడ్డు పక్కన ఆగాం. ఆమె మొహం గాలికి ఎర్రగా కందిపోయింది, కళ్ళలో నీళ్ళు. నన్ను నాలుగు తిట్టి ఉంటే బాగుండేది.

మా వెనక ఒక పాత పికప్ ట్రక్కు ఆగింది. అందులోంచి నడివయసు ఆడమనిషి దిగి మా వైపు వస్తోంది. వెంటనే తలుపుల లాక్ నొక్కాను. శిరీష నా వంక చూసి లాక్ తీసింది.

"అర్కాన్సా నంబరు చూడగానే అనుకున్నాను" అందామె. "ట్యాంకులో నీళ్ళు పోశారా?"

ఆమె తన బండిలోంచి నీలం ద్రవం తెచ్చి అద్దం మీద పోసి తుడిచింది. బురద పాలమీగడ తీసినట్టు పోయింది. ఇంకా ఏమైనా కావాలా అని అడిగితే, పరువు దక్కించుకోవడానికి డిక్కీలోని గొలుసులు చూపించాను. ఆమె సంచీ మీది అంకెలు చదివింది. "ఇవి నా ట్రక్కుకి కూడా పెద్దవే. నీ కారుకి ఎవరు అమ్మారు?"

డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు. జార్జ్‌టౌన్ దాకా మా వెనకే లైట్లు మిణుకుమిణుకుమనిపిస్తూ నెమ్మదిగా వచ్చింది. ఎందుకు వెంటపడుతోందా అని నేను మాటిమాటికీ అద్దంలో చూస్తూనే ఉన్నాను. మేము పెట్రోలు బంకులోకి తిరగ్గానే హారన్ ఒక్కసారి కొట్టి ముందుకి వెళ్ళిపోయింది. మా వెనక ఇంకే ట్రక్కూ వచ్చి గుద్దకుండా అలా కాపుకాసిందని బంకులో కుర్రాడు చెబితే తెలిసింది.

ట్యాంకు కరిగేదాకా కారు వాళ్ళ వెచ్చటి షెడ్డులో పెట్టుకోనిచ్చారు, పది డాలర్లు. కాఫీ తాగుతూ కూర్చున్నాం. శిరీష పసుపు కాగితం తీసి మళ్ళీ చదువుతూ, ఒక్కసారిగా తిప్పింది.

"ఇటు సూడు. ఎన్క గూడ రాసిండు. నువ్వు ఎన్క సూడలేదా?"

చూడలేదు. మన దగ్గర పేజీ వెనక కూడా రాస్తే అడుగున బాణం గుర్తేసి 'వెనక చూడుము' అని రాస్తాం. ఆరో తరగతి నుంచీ పరీక్షల్లో అదే అలవాటు. బాణం లేదంటే వెనక ఏమీ లేదనే. డేల్ బాణం వేయలేదు.

వెనక ఇలా ఉంది: "గొలుసులు కొనకు. దారిలో ఎవరైనా బెదిరించి అమ్మబోతే నవ్వి వెళ్ళిపో. పార్కింగ్‌లో నీ టైర్ల గాడుల్లో నాణెం పెట్టి లోతు చూశాను, బాగున్నాయి. మరీ మంచు పడితే ఆగి, కడుపునిండా తిని, మర్నాడు వెళ్ళు." దానికింద: "హ్యాండ్‌బ్రేక్ ఎందుకు వద్దన్నానంటే, లోపలి తడి గడ్డకట్టి చక్రాన్ని పట్టేస్తుంది. గేరు పార్క్‌లో పెట్టి, చక్రాలు గట్టు వైపు తిప్పి ఉంచు." దానికింద ఫ్రిస్కోలో వాళ్ళక్క బేకరీ ఎక్కడుందో బొమ్మ. అన్నిటికంటే కింద: "జాగ్రత్తగా తిరిగి రా. సోమవారం నీ సంతకం కావాలి నాకు."

నా కాఫీ చల్లారిపోయింది. హేస్ నుంచి ఈమెయిలు పంపానని అప్పుడు శిరీషకి చెప్పాను. ఆమె కాగితం మడిచి నా ముందు పెట్టి, "ఫోన్ చెయ్యి" అంది.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. బంకు బయట చలిలో నిలబడి సురేష్ గారికి ఫోన్ చేశాను. "గుడ్ క్యాచ్ మధూ! నిన్ననే క్లయింట్‌కి ఫార్వర్డ్ చేసేశాను. వాళ్ళు ఎస్కలేషన్ ఓపెన్ చేశారు, డేల్ మీద వాళ్ళ కంపెనీలో పైదాకా కంప్లయింటు పోయింది" అన్నారాయన సంతోషంగా.

ఫ్రిస్కో: లోయిస్ బేకరీ

పదకొండు వేల అడుగుల ఎత్తున ఉన్న సొరంగం దాటి ఫ్రిస్కో చేరాం. కారు ఆపగానే అలవాటుగా నా చెయ్యి హ్యాండ్‌బ్రేక్ మీదికి పోయింది. శిరీష చెయ్యి పట్టుకుంది.

డేల్ అక్క లోయిస్‌కి డెబ్బై ఏళ్ళుంటాయి. తమ్ముడి పేరు చెప్పగానే దాల్చినచెక్క రొట్టెలు రెండు పళ్ళెంలో పెట్టి, డబ్బులు వద్దంది. ఎవరైనా ఊరికే ఏదైనా ఇస్తే ఎందుకని వెతికే నేను ఆ పూట వెతకలేదు. తలొంచుకుని తిన్నాను.

"మా వాడి దగ్గర పని నేర్చుకునే అబ్బాయివి నువ్వేనా? చాలా చురుకంటాడు నీ గురించి" అంది. "సోమవారం సంతకాలైపోతే మంగళవారం బయల్దేరి వస్తాడు. క్రిస్మస్‌కి వాడు రాని ఏడాది ఇప్పటిదాకా లేదు. వచ్చేటప్పుడు అర్కాన్సా పీకాన్ గింజలు అయిదు పౌన్లు తెమ్మని చెప్పు. ఇక్కడ ధర మండిపోతోంది."

చెబుతానన్నాను. గుమ్మడికాయ దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, ఆవిడ ఏం మాట్లాడినా నన్నే అంటున్నట్టనిపించింది.

మర్నాడు స్కీయింగ్ చేశాం. అద్దె సామాను, పాఠం కలిపి మనిషికి నూటపాతిక డాలర్లు. నేను పదిహేడుసార్లు పడ్డాను. శిరీష నాలుగుసార్లు పడి, ఆ తర్వాత పడటం మానేసింది. శనివారం బయల్దేరేటప్పుడు పార్కింగ్‌లో ఒక టెక్సాస్ కారు మంచులో ఇరుక్కుని చక్రాలు ఊరికే తిరుగుతున్నాయి. శిరీష మా సంచీ విప్పి చక్రాల కింద చల్లింది. ఆ టెక్సాస్ ఆయన నన్ను ఎగాదిగా చూసి, "ఇది పిల్లుల మట్టి కదూ?" అన్నాడు. ఆ చూపు నాకు బాగా తెలుసు. కారు ఒక్క ఊపులో బయటికొచ్చింది.

మళ్ళీ బెంటన్‌విల్

సోమవారం పొద్దున్నే ఆఫీసుకెళ్ళి డేల్ ఎక్సెల్ ఫైలు తెరిచాను. కింద షీట్ 1, షీట్ 2, షీట్ 3 అని ఉన్నాయి. ఏ కొత్త ఫైల్లోనైనా ఆ రెండూ మూడూ వాటంతటవే వస్తాయి, ఖాళీగా ఉంటాయి. అందుకే రెండు నెలలుగా వాటిని నొక్కలేదు. షీట్ 2 నొక్కాను. ఏడాది చివరి ప్రోగ్రాము ఆగితే ఏం చేయాలో పదకొండు లైన్లు. ఏ సమయానికి ఎవరికి ఫోన్ చేయాలో, వాళ్ళు ఎత్తకపోతే ఇంకెవరికి చేయాలో కూడా ఉంది.

సురేష్ గారి దగ్గరికెళ్ళి తప్పు నాదేనని, ఈమెయిలు వెనక్కి తీసుకోమని చెప్పాను.

"ఎలా మధూ? క్లయింట్ రికార్డులో పడిపోయింది. రివ్యూ చేసే ఆవిడ వచ్చే సోమవారం దాకా లీవ్. ఆవిడ ముందు మళ్ళీ కెటి సెషన్ పెట్టి, అప్పుడు సంతకం. నువ్వే కదా రాశావ్?"

"మరి డేల్ క్రిస్మస్‌కి వాళ్ళక్క దగ్గరికి..."

"అది మన స్కోప్ కాదు."

డేల్ తన డెస్కు దగ్గర ఉన్నాడు. పెట్టెలో సామాను సర్దుకోవడం మొదలుపెట్టి మధ్యలో ఆపేసినట్టుంది. కాళ్ళ దగ్గర పీకాన్ గింజల సంచి ఉంది. నేను లోయిస్ మాట చెప్పకముందే కొన్నాడన్నమాట. ఆ ఈమెయిలు నేనే పంపానని చెప్పాను. ఆయన పెట్టెలోంచి ఒక కప్పు తీసి మళ్ళీ డెస్కు మీద పెట్టాడు.

"గొలుసులు కొన్నావా?" అన్నాడు.

"కొన్నాను."

"ట్యాంకు ఖాళీ చేశావా?"

"లేదు."

తలూపాడు. "లోయిస్‌కి ఫోన్ చేయాలి" అని లేచి, సంచీ తీసుకుని, పోస్టాఫీసు ఎన్నింటి దాకా ఉంటుందో కనుక్కోవడానికి వెళ్ళాడు.

క్రిస్మస్ అయ్యాక వచ్చిన సోమవారం రివ్యూ జరిగింది. డేల్ శుభ్రంగా గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కాతో వచ్చాడు. షీట్ 2 తెరిచి పదకొండు లైన్లూ ఒక్కొక్కటే పైకి చదివాడు. ఒక్కో లైనుకి నేను టిక్కు పెట్టాను. మొత్తం ఇరవై నిమిషాలు పట్టింది. రివ్యూ చేసే ఆవిడ, ఇంతకీ ఇందులో సమస్య ఏమిటని అడిగింది. నేను చూసుకోలేదని చెప్పాను. ఫారం మీద సంతకం పెట్టి డేల్‌కి ఇచ్చాను.

ఆయన అది తీసుకుని నింపాదిగా చదివాడు. ఆ తర్వాత వెనక్కి తిప్పి చూశాడు. ఖాళీగానే ఉంది. అలా వెనక చూడటం ఆయనకి ఎప్పటి నుంచో ఉన్న అలవాటో, నా దగ్గర నేర్చుకున్నదో, అడిగే ధైర్యం నాకు లేకపోయింది.